ఒకే వరస మెట్లున్న చిన్న ఆర్గన్ మీద విడోర్ టొకాటా వాయించొచ్చా?

వన్‌టౌన్_బెంచీ:

అందరికీ వందనాలు. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది వైజాగ్ వన్‌టౌన్ వైపు చిన్న చర్చి. దొరల కాలం నాటి పైపు ఆర్గన్ ఒకటుంది. చేతులకి ఒకే వరస మెట్లు (కీలు), 56. స్టాపులు, అంటే ఒక్కో రకం గొట్టాల వరసని మోగించడానికి లాగే పిడులు, అయిదు: ఓపెన్ డయపాసన్, స్టాప్డ్ డయపాసన్, డల్సియానా, ఈ మూడూ 8 అడుగులవి, తర్వాత 4 అడుగుల ప్రిన్సిపల్, 2 అడుగుల ఫిఫ్టీన్త్ (అడుగులు సగమైతే అదే మెట్టు ఒక స్థాయి పైన మోగుతుంది). కాళ్ళకి 30 మెట్ల పెడల్ బోర్డు, దానికి 16 అడుగుల బూర్డన్ ఒక్కటే. పై గొట్టాల్ని పెడల్‌తో కూడా మోగించే కప్లర్ ఉంది. ఇంతే సంసారం. శబ్దం పెంచి తగ్గించే స్వెల్ బాక్స్ లేదు, ఒక్కో మెట్టుకి చాలా సన్న గొట్టాలు కలిపి మోగించే మిక్చర్ లేదు, బూరలా మోగే రీడ్ స్టాపు ఒక్కటీ లేదు.

డిసెంబరు చివర్లో మా పిన్ని కూతురి పెళ్ళి మా చర్చిలోనే. 2011లో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో విలియం, కేట్‌ల పెళ్ళి వీడియో ఎక్కడో చూసింది, చివర్లో మోగిన విడోర్ టొకాటాయే (ఫ్రెంచి ఆర్గనిస్టు విడోర్ రాసిన హుషారైన ఆర్గన్ పాట) తనకీ కావాలని పట్టు పట్టింది. "అన్నయ్యా, ఆదివారం ఆదివారం వాయిస్తావు కదా, ఇదీ వాయించెయ్" అంటుంది, అదేదో కీర్తన నంబరు చెప్పినట్టు! నేనూ ఊరుకోకుండా నోట్స్ డౌన్‌లోడ్ చేసుకుని రెండు నెలలుగా కుస్తీ పడుతున్నాను. వేళ్ళు మెల్లగా దారికొచ్చాయి, కాళ్ళు కూడా పర్లేదు, ఇబ్బందంతా పెట్టెతోనే. అన్ని స్టాపులూ లాగి వాయిస్తే ఎడమచెయ్యి కార్డు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) కొట్టినప్పుడల్లా గాలి చాలక శ్రుతి వణుకుతోంది. పెడల్‌లో వచ్చే అసలు పాట బూర్డన్ మీద ఎవరికీ వినపడట్లేదు, కింద గదిలో ఎవరో గురక పెడుతున్నట్టుంది. మధ్యలో శబ్దం బాగా తగ్గి మళ్ళీ కొంచెం కొంచెంగా పెరగాలి, ఆ టైములో నా చేతులు రెండూ ఖాళీ ఉండవు.

ఒప్పుకోవాలా, ఇప్పుడే చేతులెత్తెయ్యాలా? మా క్వయర్‌లో ఒకాయన "అంత టెన్షన్ దేనికి, కీబోర్డు పెట్టెయ్" అంటున్నాడు. చర్చి మధ్య దారి మొత్తం నడవడానికి నిమిషం కూడా పట్టదు, పాటేమో ఆరు నిమిషాలు, ఆ గొడవ వేరే.

ఎంవీపీ_కీబోర్డ్:

బ్రో, మీ క్వయర్ ఆయన చెప్పిందే కరెక్టు. ల్యాప్‌టాప్‌లో హాప్ట్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకో, ఏ దేశం ఆర్గన్ కావాలంటే ఆ దేశం ఆర్గన్ శబ్దం వస్తుంది, రెండు మంచి స్పీకర్లు అద్దెకి తెచ్చుకో, అయిపోయింది. పెళ్ళిలో ఎవరు చూస్తారు గొట్టాలు మోగాయా, స్పీకర్ మోగిందా అని.

గాలితిత్తి:

పైన చెప్పిన సలహా తప్పని అనను, కానీ ఆయన అడిగింది అది కాదు. నేను ముప్ఫై ఏళ్ళుగా చిన్న ఆర్గన్లే వాయిస్తున్నాను, పెద్దవి చెన్నైలో, కోల్‌కతాలో ఒకటి రెండుసార్లు ముట్టుకున్నానంతే. కాబట్టి నా మాట కొంచెం చిన్న పెట్టె వైపే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా.

ముందు గాలి సంగతి చూడు. మీ ఆర్గన్‌కి పాతకాలపు చేతి పంపు కర్ర ఇంకా ఉంటే, దాని పక్కనే దారానికి వేలాడే చిన్న సీసపు గుండు ఉంటుంది, తిత్తి ఎంత నిండిందో అది చూపిస్తుంది. ఎవరినైనా అక్కడ నిలబెట్టి నువ్వు టొకాటా మొత్తం వాయించు, గుండు ఏ బార్‌లో (నోట్స్‌లో ఒక్కో గడి) తిత్తి ఖాళీ అయినట్టు చూపిస్తే ఆ బార్ దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టమను. అప్పుడు తెలుస్తుంది, పాటంతా కాదు, ఏ పది చోట్లో మాత్రమే గాలి చాలట్లేదని. (అన్ని చోట్లా చాలకపోతే ఆ తప్పు నీది కాదు, తిత్తి తోలు ఎక్కడో చిట్లింది, పెళ్ళికి ముందే ఎవరికైనా చూపించు.) 2014లో అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిందా, తర్వాతి ఆదివారానికి కూడా మా వీధికి కరెంటు రాలేదు, సండే స్కూలు కుర్రాళ్ళు ముగ్గురు వంతులేసుకుని ఆ కర్ర కొట్టారు. వాళ్ళ చెమట చూశాక గానీ నాకు అర్థం కాలేదు ఒక్కో కార్డు ఎంత గాలి తాగుతుందో, అందులోనూ కింది స్థాయి లావు గొట్టాలు.

అందుకని అన్ని స్టాపులూ లాగకు. డల్సియానా, స్టాప్డ్ డయపాసన్ రెండూ లోపలికి తోసెయ్యి. అవి గాలి తింటాయి, మందంగా చేస్తాయి, గట్టిదనం పెద్దగా పెంచవు. ఓపెన్ డయపాసన్, ప్రిన్సిపల్, ఫిఫ్టీన్త్, ఈ మూడే నీ ఫుల్ ఆర్గన్. నమ్మకపోతే ఫోన్ చివరి బెంచీ మీద పెట్టి రెండు రకాలూ రికార్డు చేసి విను, నువ్వు కూర్చున్న చోట వినిపించేది వేరు, బెంచీల్లో వినిపించేది వేరు.

పెడల్‌కి కప్లర్ వెయ్యి, బూర్డన్ ఒక్కదాన్నే నమ్ముకోకు. కప్లర్ వేస్తే నీ కాలి కింద 8, 4, 2 అడుగులు కూడా మోగుతాయి, పాట పైకి తేలుతుంది. చివర్లో పెడల్ పాటని రెండు కాళ్ళతో జంట స్థాయిల్లో వాయించమని విడోర్ రాశాడు కదా, అక్కడ నువ్వు ఒక్క కాలితోనే వాయించు. 16 కింద, 8 పైన ఎలాగూ మోగుతున్నాయి కాబట్టి ఆ జంట దానంతటదే వచ్చేస్తుంది, గాలీ మిగులుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, ఒకే వరస మెట్లున్న చోట ఒక గొట్టం రెండుసార్లు మోగదు. నీ ఎడమచెయ్యి కిందికి దిగి అదే మెట్టు మీద ఉంటే పెడల్ పాటలో ఆ స్వరాన్ని మింగేస్తుంది. అలాంటి చోట ఎడమచేతి కింది వేలు ఎత్తెయ్యి, ఎవరికీ తెలీదు.

లెగ్‌హార్మణి:

ఏటి బాబూ ఇదంతా, నాకు పైపు ఆర్గన్ తెలీదు, దూరం నుంచి చూశానంతే. కానీ గాలి చాలట్లేదన్నావు చూడు, అది నా సబ్జెక్టు. పాతికేళ్ళు పద్యనాటకాలకి కాళ్ళ హార్మణీ వాయించాను, విజయనగరం, శ్రీకాకుళం, తుని దాకా. రెండు కాళ్ళతో గాలి తొక్కుతూ రెండు చేతులతో వాయించాలి. రాజు వేషగాడు రాగం ఎత్తుకుని దించకపోతే, జనం వన్స్‌మోర్ అంటే, మనకి కాళ్ళు పడిపోతాయి.

మేం ఏం చేసేవాళ్ళమంటే, ఎడమచెయ్యి నిండుగా పట్టం. స, ప ఉంటే చాలు, గ కుడిచేతిలో ఎలాగూ తిరుగుతోంది కదా, అదే స్వరం రెండు చోట్ల ఎందుకు. చెవి నింపేసుకుంటుంది. నువ్వు చెప్పిన పాట యూట్యూబులో పెట్టుకుని విన్నాను, కుడిచెయ్యి ఆగకుండా అల్లుతూనే ఉంది. ఆ అల్లిక తెగకూడదు, కింద పాట వినపడాలి, నాకు తెలిసినంతలో ఆ పాటకి ప్రాణం ఈ రెండే. మిగతా వేళ్ళు కొన్ని తగ్గితే కొంపేం మునగదు. ఇంకోటి, అందరూ పరుగెడుతున్నారేటి? నాకైతే పద్యం తొందరగా చదివేసి దిగిపోయినట్టుంది.

సిరిపురం_టీచర్:

లెగ్‌హార్మణి గారు, మీరు తెలీకుండానే విడోర్ మాట చెప్పారు! ఆయన మొదట ఆ పాటకి మెట్రోనోమ్ మీద నిమిషానికి 118 దెబ్బలని వేశాడు, తర్వాత తనే 100కి తగ్గించాడు. 1932లో, 88 ఏళ్ళ వయసులో, తన చర్చిలోనే రికార్డు కూడా చేశాడు, అది వినండి, ఇప్పటి కుర్రాళ్ళంతా ఎంత ఉరుకుతున్నారో తెలుస్తుంది.

తమ్ముడూ వన్‌టౌన్, నేను మాత్రం వద్దనే అంటాను, కోపం తెచ్చుకోకు. 1879లో అచ్చయిన ఆ పాట ఆయన ఎక్కడ కూర్చుని రాశాడో చూడు. పారిస్ సాన్ సుల్పీస్ చర్చి, కవైయే-కోల్ కట్టిన ఆర్గన్, అయిదు వరసల మెట్లు, వంద స్టాపులు. 1870 నుంచి 1933 చివరి దాకా అదే బెంచీ మీద కూర్చున్నాడు మనిషి. శబ్దం ఆ రాతి గోడల మధ్య చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఎడమచేతి కార్డులు టక్ టక్ అని పొట్టిగా కొట్టినా ఆ గోడలే వాటిని సాగదీస్తాయి. మన చర్చిల్లో? కిటికీలన్నీ తెరిచి ఉంటాయి, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, పట్టుచీరల్లో మూడొందల మంది ఉన్న శబ్దాన్ని పీల్చేస్తారు. అదే పొట్టి కార్డు ఇక్కడ కోడి గింజలు ఏరుకున్నట్టు వినిపిస్తుంది.

చిన్న ఆర్గన్ అంటే చిన్న సంగీతమే దిక్కని కాదు నా ఉద్దేశం. బాఖ్ 1739లో అచ్చువేసిన క్లావియర్ ఊబుంగ్ మూడో భాగం తీసి చూడు. అందులో ఒక్కో కీర్తననీ ఒకసారి పెడల్‌తో పెద్దగా, ఇంకోసారి చేతులకి మాత్రమే చిన్నగా, రెండు రకాలుగా పక్కపక్కనే రాశాడు. ఆ చిన్నవి సులువనుకుంటున్నావేమో, నేను ఒక్కోదాని మీద నెలలు పోగొట్టుకున్నాను. హాండెల్ ఆర్గన్ కాన్సర్టోలు చూడు, ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆర్గన్లకి సాధారణంగా పెడల్సే ఉండేవి కావు. నీ పెళ్ళి హడావుడికి సరిపోయే గట్టి పాటే కావాలంటే వియెర్న్ ఓపస్ 31, ఇరవై నాలుగు పాటలున్న సంపుటి, అందులో 21వది, కారియోన్. ఆయన పారిస్ నోట్ర్ డామ్ ఆర్గనిస్టు, 1937లో ఆ ఆర్గన్ దగ్గరే వాయిస్తూ పోయాడు. అంతటి ఆర్గన్ ముందు కూర్చునే మనిషి ఈ సంపుటిని ఆర్గన్ గానీ హార్మోనియం గానీ, ఏది ఉంటే దాని మీద వాయించుకునేలా రాశాడు. గంటలు మోగినట్టు మొదలై గంటలు మోగినట్టే ముగుస్తుంది, పెళ్ళికి ఇంకేం కావాలి? నోట్స్ ఉచితంగా దొరుకుతాయి.

వన్‌టౌన్_బెంచీ:

అందరికీ థాంక్స్. టీచర్ గారూ, కోపం ఏముందండీ, నాకూ అదే భయం. కారియోన్ నిన్న రాత్రి చూశాను, బాగుంది, నేర్చుకుంటాను కూడా. కానీ చెల్లికి "విడోర్ కాదు వియెర్న్" అంటే రెండూ ఒకటేగా అంటుంది, "మరి వీడియోలోది ఎప్పుడు వాయిస్తావు" అని మళ్ళీ మొదటికొస్తుంది!

గాలితిత్తి అన్నా, సీసపు గుండు ఉంది, ఇన్నాళ్ళూ అదేదో తాళం చెవి బరువనుకున్నాను. మా తమ్ముడిని అక్కడ నిలబెట్టి చూస్తే పదకొండు చోట్ల గుర్తులు పడ్డాయి, అందులో ఎనిమిది చివరి రెండు పేజీల్లోనే. ఇంకో రెండు ప్రశ్నలు. మధ్యలో తగ్గే భాగానికి ఏం చెయ్యను? పెళ్ళికొడుకు వైపు వాళ్ళు వయొలిన్ పెడతామంటున్నారు, కీబోర్డు కూడా ఉంటుందట, వాటితో శ్రుతి కలుస్తుందా? వచ్చే ఏడాది బాఖ్ ట్రయో సొనాటాలు కూడా దీని మీద మొదలుపెట్టొచ్చా?

గాలితిత్తి:

రెండని మూడు అడిగావు.

ట్రయో సొనాటాలు ఈ పెట్టె మీద వద్దు, ఖరాఖండిగా చెప్తున్నా. అవి రెండు వరసల మెట్లకి, పెడల్‌కి రాసినవి, రెండు చేతులూ ఒకే స్థాయిలో ఒకదాని మీదికి ఒకటి వచ్చి దాటుకుంటూ పోతాయి. ఒకే వరస మీద అయితే రెండు గొంతులు ఒకే మెట్టు కోసం కొట్టుకుంటాయి, వినేవాడికి చిక్కుపడ్డ దారం. టొకాటాలో వదిలేస్తే ఒక వేలు పోతుంది, అక్కడ వదిలేస్తే మనిషే పోతాడు. తేడా అదే, ఏ పెద్ద పాటైనా ముందు ఇది చూసుకో.

మధ్య భాగానికి ఒక పాత చిట్కా. కప్లర్ తీసేసి, 4 అడుగుల ప్రిన్సిపల్ ఒక్కటే ఉంచి, చేతులు రెండూ ఒక స్థాయి కిందికి జరిపి వాయించు. వినపడేది రాసిన స్థాయిలోనే, రంగు మాత్రం వేరు, సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు. ఎడమచేతికి కింద మెట్లు మిగలని చోట ఇది కుదరదు, అక్కడ స్టాప్డ్ డయపాసన్ మీద మామూలుగా వాయించు. మళ్ళీ పెరిగేటప్పుడు మనిషి కావాలి, వేరే దారి లేదు. పక్కన ఒకళ్ళు నిలబడి ముందు ఓపెన్ డయపాసన్, తర్వాత ప్రిన్సిపల్, పాట మళ్ళీ మొదటికొచ్చే బార్ మీద ఫిఫ్టీన్త్, కప్లర్ కలిపి. ఫిఫ్టీన్త్‌ని మాత్రం అప్పటిదాకా దాచు. స్వెల్ బాక్స్ లేని లోటు తీర్చేది ఆ ఒక్క స్టాపే, దాన్ని మొదటి పేజీలోనే ఖర్చు పెట్టేస్తే చివర్లో జేబు ఖాళీ. మొదటి పేజీ డయపాసన్, ప్రిన్సిపల్ చాలు.

ఇక శ్రుతి. గాలి వేడెక్కితే గొట్టాల శ్రుతి పెరుగుతుంది, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి దాదాపు 3 సెంట్లు. మే ఎండలో శ్రుతి చేసిన ఆర్గన్‌ని డిసెంబరు రాత్రి పది డిగ్రీలు తక్కువలో వాయిస్తే 30 సెంట్లు, అంటే అరస్వరంలో మూడో వంతు దాకా కిందికి దిగుతుంది. వయొలిన్ అమ్మాయి మీ దగ్గరికొచ్చి తంత్రులు కలుపుకుంటుంది, ఇబ్బంది లేదు. కీబోర్డు మాత్రం వేడికీ చలికీ కదలదు, దాన్ని ఆర్గన్‌కి సరిపడా ట్యూన్ మార్చాలి, లేదా రెండూ ఒకేసారి మోగకూడదు. రీడ్ స్టాపులు లేవని మొదట బాధపడ్డావు చూడు, అవి ఉంటే మిగతా గొట్టాలతో పాటు కదలవు, చలిరాత్రి ఆ గొట్టాలతో దెబ్బలాడతాయి. నీకు ఆ తలనొప్పి లేదు. తేమకి ఏదో ఒక మెట్టు ఇరుక్కుని అదే పనిగా మోగుతుండటం మన సముద్రం ఊళ్ళో మామూలే, పెళ్ళికి గంట ముందే వెళ్ళి ప్రతి మెట్టూ ఒక్కోసారి నొక్కి చూసుకో.

టీచర్ గారితో ఒక్క మాట ఒప్పుకుంటాను, పొట్టి కార్డుల గురించి. విడోర్ పొట్టిగా రాసినా నువ్వు ఇక్కడ కాస్త ఆపి వదులు, గోడలు చేసే పని నీ వేళ్ళు చెయ్యాలి. వేగం 100 కూడా వద్దు, 92, 94 దగ్గర మొదలుపెట్టు.

ఎంవీపీ_కీబోర్డ్:

సరే నేను ఓడిపోయాను. కానీ కరెంటు పోతే?

గాలితిత్తి:

కరెంటు పోతే నీ ల్యాప్‌టాప్ స్పీకర్లూ పోతాయి. మాకు కర్ర ఉంది.

సిరిపురం_టీచర్:

నేను ఇంకా వియెర్న్ పక్షమే. కాకపోతే పెళ్ళికూతురు మాటే చెల్లుతుంది కదా, ఆరు నిమిషాల గొడవకి ఒక దారి చెప్తాను. పాటని కత్తిరించకు. రిజిస్టరులో సంతకాలయ్యాక అయ్యగారు జంటని జనం వైపు తిప్పగానే మొదలుపెట్టు, మొదటి ఎనిమిది బార్లు పెడల్ ఉండదు, చేతులే, ఆ కాసేపు వాళ్ళు చీర కొంగులూ పూలగుత్తీ సర్దుకుంటారు, సరిగ్గా పెడల్ పాట వచ్చినప్పుడు అడుగు వెయ్యమను. తలుపు దాటాక ఫోటోలు, కౌగిలింతలు, మేనత్తల ఏడుపులు, అవెలాగూ ఆరు నిమిషాల్లో తేలవు. చివరి కార్డు వాళ్ళు కారెక్కేటప్పుడు మోగినా నష్టం లేదు.

వన్‌టౌన్_బెంచీ:

అప్‌డేట్. నిన్న సాయంత్రం చర్చి తలుపులు తీయించి, ఫోన్ చివరి బెంచీ మీద పెట్టి మొత్తం వాయించాను, 92లో. మూడు స్టాపులే, ఎడమచేతిలో వేళ్ళు తగ్గించి, చివర పెడల్ ఒక్క కాలితో. పదకొండు గుర్తుల్లో తొమ్మిది పోయాయి, ఇంకా రెండు చోట్ల గాలి ఊగుతోంది, ఆఖరి కార్డు అందులో ఒకటి. దాన్ని రాసినంతసేపు పట్టకుండా కొంచెం ముందే వదిలేద్దామనుకుంటున్నాను. రికార్డింగులో పెడల్ పాట నిజంగా వినపడుతోంది! మధ్య భాగం 4 అడుగుల మీద వాయిస్తుంటే ఊడ్చడానికొచ్చిన మామ్మగారు చీపురు పక్కన పెట్టి కూర్చుండిపోయారు, ఫుల్ ఆర్గన్ వచ్చాక లేచి మళ్ళీ ఊడ్చుకున్నారు. అదేం లెక్కో నాకర్థం కాలేదు.

పిన్నికి పంపితే "బాగుందిరా, ఆ వీడియోలో బూర ఊదినట్టుండేది, అది లేదేంటి" అంది. చెల్లి మాత్రం ఇంకేం మాట్లాడలేదు, నాలుగుసార్లు విన్నట్టు పిన్నే చెప్పింది. కాబట్టి వాయిస్తున్నాను. టీచర్ గారూ, కారియోన్ ఈస్టర్‌కి, మాటిస్తున్నాను.

ఇప్పుడు మిగిలింది స్టాపులు లాగే మనిషి. నిన్న మా తమ్ముడు ఫిఫ్టీన్త్ రెండు బార్లు ముందే లాగేశాడు, కంగారులో డల్సియానా కూడా. వాడికి నోట్స్ రావు, నేను చెప్పేది వినడు. వన్‌టౌన్ దాకా రాగలిగేవాళ్ళు, నోట్స్ చదవగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఈ శనివారం, వచ్చే శనివారం ప్రాక్టీసు, బిర్యానీ నాది.

లెగ్‌హార్మణి:

నేనొస్తాను బాబూ. నోట్స్ చదవడం రాదు. పాతికేళ్ళు రాజు వేషగాళ్ళ మొహం చూసి వాయించినవాణ్ణి, నువ్వు తల ఊపు, నేను లాగుతాను. ఏ శనివారం, ఎన్నింటికి?